పెట్టె మూత పడకముందు

వేసవి సెలవులు దగ్గరపడితే హొసకోటెలోని తెలుగు ఇళ్లలో ఒక వాదన మొదలవుతుంది. కోలారు, ముళబాగిలు, చిత్తూరు వైపు నుంచి వచ్చి తరాలుగా ఇక్కడ స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వాళ్ల పిల్లల్లో చాలామంది వైట్‌ఫీల్డ్ కంపెనీల మీదుగా మెల్‌బోర్న్‌కో, డాలస్‌కో, సింగపూర్‌కో చేరారు. వాళ్లను చూడడానికీ, పనిలో పనిగా ఆ దేశం చూసి రావడానికీ పెద్దవాళ్లు బయలుదేరతారు. బూదిగెరె మీదుగా దేవనహళ్ళి విమానాశ్రయం గంట దారే. పెట్టెలు సర్దడానికి మాత్రం పదిహేను రోజులు చాలవు. ఏం తీసుకెళ్లాలి, ఏం వదలాలి అన్న దాంట్లో డబ్బుంది, ఆరోగ్యముంది, అవతలి దేశపు చట్టముంది. పిల్లల మీది ప్రేమను ఏ రూపంలో మోసుకెళ్లాలన్న ప్రశ్న కూడా ఉంది. కాబట్టి దీన్ని ఇద్దరి నోట వినిపిస్తున్నాను. ఒకరు మే నెలలో భార్యతో కలిసి మూడు వారాలకు మెల్‌బోర్న్, సిడ్నీ వెళ్లబోతున్న మేనమామ. రెండోవారు ఆయన సామాను చూసి ఊరుకోలేని మేనకోడలు. నా మొగ్గు మేనకోడలి వైపే, ఆ మాట దాచను. కానీ మామ మాటల్లో కొట్టిపారేయలేనివి ఉన్నాయి. వాటికి జవాబు చెప్పకుండా ఆమె వాదం నిలవదు.

మామ: నువ్వెన్నయినా చెప్పమ్మా, ఊరు దాటేవాడు తనకు కావలసింది తన వెంట ఉంచుకోవాలి. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరినప్పుడు డేరాలు, బోయీలు, వంటవాళ్లు, పరివారం, అంతా వెంట తీసుకెళ్లాడు. పదిహేను నెలలు దేశం తిరిగి క్షేమంగా ఇల్లు చేరాడు. ఇంత మోత ఎందుకయ్యా అని ఆయన్ని ఎవరూ అడగలేదు. మేం పెట్టుకున్నదెంత? రెండు పెద్ద పెట్టెలు, రెండు చేతి బ్యాగులు. ఆవకాయ, గోంగూర, కందిపొడి, కారప్పొడి, చింతపండు, రాగిపిండి, మా అబ్బాయికి ఇష్టమని ధార్వాడ పేడా, మీ అత్త పూజకు కావలసినవి, చీరలు, నా బట్టలు. అక్కడ మేమిద్దరం ఒక్క పూట హోటల్లో తింటే అయ్యే డబ్బుతో ఇక్కడ వారం సరుకులొస్తాయి. నాకు షుగరుంది, వేళకు తిండి పడాలి. పైగా తక్కువ సామానుతో వెళ్లమని చెప్పేవాళ్లందరినీ చూశాను. అక్కడ కావలసింది అక్కడే కొనుక్కోగలిగే చేయి వాళ్లది. మనం డాలరును యాభైతో, అరవైతో గుణించుకుని బతికేవాళ్లం. మాలాంటివాళ్లకు సామాను బరువు కాదు, భద్రత.

మేనకోడలు: వీరాస్వామయ్యను మీరు తెచ్చారు కాబట్టి ఆయన దగ్గరే మొదలుపెడదాం మామా. ఆయన డేరాలు మోయించింది దారిలో సత్రం లేని మజిలీలు ఉన్నాయి కాబట్టి. వంటసామాను తీసుకెళ్లింది ఆచారం తప్పకుండా వండిపెట్టే మనిషి దారిలో దొరకడు కాబట్టి. అంటే దారిలో దొరకనిదాన్ని ఆయన వెంట తీసుకెళ్లాడు. మీరూ అదే చేయండంటున్నాను. మరి మెల్‌బోర్న్‌లో దొరకనిదేమిటి? చింతపండు కాదు, రాగిపిండి కాదు, కందిపప్పు కాదు. డాండెనాంగ్‌లో ఫాస్టర్ వీధిని లిటిల్ ఇండియా అంటారు, సిడ్నీలో హ్యారిస్ పార్కుకూ అదే పేరు. మన సరుకుల దుకాణాలు అక్కడ వరసగా ఉంటాయి. ధర ఇక్కడికంటే ఎక్కువే, ఒప్పుకుంటాను. కానీ అక్కడ డబ్బు పెట్టినా వెంటనే దొరకనివి వేరే ఉన్నాయి. మీ మందులు మీ డాక్టరు చీటీ మీద అక్కడి మందుల షాపువాడు ఇవ్వడు. మీ కళ్లద్దాలు పగిలితే కొత్తవి వచ్చేదాకా మీకు చదువు లేదు. అత్త ఇన్సులిన్ పెన్ను, మీ పాస్‌పోర్టు, వీసా గ్రాంట్ లెటరు, ఇన్సూరెన్సు కాగితం కూడా అలాంటివే. ఇప్పుడు మీ జాబితా చూడండి. ఆవకాయ డబ్బాకు మూడు కవర్లు చుట్టారు. మందుల సంచి పెద్ద పెట్టె అడుగున, చీరల కింద పెట్టారు. ఏది పోతే మీకు కష్టమో దానికి భద్రత లేదు, ఏది పోయినా ఫరవాలేదో దానికి మూడు పొరల భద్రత ఉంది. నేను తప్పంటున్నది బరువును కాదు, ఈ వరసను.

మామ: పెద్ద పెట్టెకేమవుతుందమ్మా? తాళం వేస్తాం, పేరు రాస్తాం, ఎర్ర రిబ్బను కడతాం. రోజూ లక్షల పెట్టెలు పోతున్నాయి, వస్తున్నాయి.

మేనకోడలు: నిజమే, ఎక్కువ భాగం సరిగ్గానే చేరుతున్నాయి. విమానాశ్రయాల సామాను వ్యవస్థలు చూసే సీటా సంస్థ లెక్కల ప్రకారం 2024లో ప్రపంచమంతటా వెయ్యిమంది ప్రయాణికులకు 6.3 పెట్టెలు దారి తప్పాయి, ఆలస్యమయ్యాయి, లేదా దెబ్బతిన్నాయి. 2022లో ఆ సంఖ్య 7.6, కాబట్టి పరిస్థితి మెరుగవుతోంది. అయినా మొత్తం చూస్తే ఒక్క ఏడాదిలో మూడు కోట్ల ముప్పై లక్షలకు పైగా పెట్టెలు. అందులో నాలుగింట మూడు వంతుల దాకా పోయినవి కావు, ఆలస్యంగా వచ్చినవి. ఇక్కడ మీకు సంబంధించిన మాట ఒకటుంది. అలా తప్పిన వాటిలో నలభై శాతం పైచిలుకు విమానం మారే చోటే తప్పాయి. బెంగళూరు నుంచి సిడ్నీకి 2022 సెప్టెంబరు నుంచి నేరుగా విమానముంది, కానీ మీరు టికెట్ తక్కువని సింగపూర్ మీదుగా తీసుకున్నారు. మంచి పనే. దానికి తగ్గట్టు సర్దుకోవాలి, అంతే. మీ పెట్టె పోతుందని నేను భయపెట్టడం లేదు. అది ఒకటి రెండు రోజులు ఆలస్యమైతే మీ సెలవు ఆగకూడదు అంటున్నాను.

మామ: పోతే నష్టపరిహారం ఇస్తారటగా.

మేనకోడలు: ఇస్తారు. 1999 నాటి మాంట్రియల్ ఒప్పందంలో మన దేశం 2009లో చేరింది. దాని ప్రకారం సామానుకు ఒక్కో ప్రయాణికుడికి గరిష్ఠ పరిమితి 2024 డిసెంబరు చివరి నుంచి 1,519 ఎస్‌డీఆర్. అది ఐఎంఎఫ్ లెక్కగట్టే ఒక విలువ, మన డబ్బులో లక్షన్నర దాటుతుంది. కానీ అది గరిష్ఠ పరిమితి, అందరికీ చేతిలో పెట్టే మొత్తం కాదు. ఆలస్యమైతే ఇరవయ్యొక్క రోజుల్లో, దెబ్బతింటే ఏడు రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి, రసీదులు చూపాలి. ఆ డబ్బు వచ్చేలోపు ఆ రాత్రి మీ బీపీ మాత్ర ఎక్కడినుంచి వస్తుంది? పరిహారం వస్తువుకు వస్తుంది మామా, పోయిన పూటకు రాదు.

ఇక్కడ మామకు వాదన లేక కాదు, వాదన చోటు మారింది కాబట్టి మౌనం వహించాడు. మొదట ఆయన అడిగింది ఎంత తీసుకెళ్లాలని. మేనకోడలు జవాబిస్తున్నది ఏది ఎక్కడుండాలని. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే మన ఇళ్లలో ఈ చర్చ ఎప్పుడూ కిలోల దగ్గర ఆగిపోతుంది. తూకం యంత్రం మీద పెట్టె ఎక్కించడం, దించడం, ఒక చీర తీయడం, మళ్లీ ఎక్కించడం. బరువు విషయంలో తెలుసుకోవలసింది తక్కువే. టికెట్ మీద రాసిన పరిమితి చూసుకోవాలి. మొత్తం పరిమితి ఎంతున్నా ఒక్క పెట్టె 32 కిలోలు దాటకూడదు, ఎత్తే కార్మికుల నడుము కోసం పెట్టిన నియమమది. పెద్ద గట్టి పెట్టె ఖాళీగానే నాలుగైదు కిలోలుంటుందని గుర్తుంచుకుంటే సగం లెక్క తేలిపోతుంది. అసలు ఆలోచన చేతి బ్యాగు దగ్గర కావాలి.

మేనకోడలు: కాబట్టి చేతి బ్యాగునే ముందు సర్దండి, పెద్ద పెట్టెను చివర. పెద్ద పెట్టె రెండు రోజులు రాలేదనుకుని ఆ రెండు రోజులకు ఏం కావాలో అది మాత్రమే ఇందులో. చాలా ఎయిర్‌లైన్లు ఏడు కిలోలే ఒప్పుకుంటాయి, అది సరిపోతుంది. మందులన్నీ ఇందులోనే, మూడు వారాలకు కాదు, ఒక నెలకు. వాటిని వారాల గడుల డబ్బాలో పోయకండి, షాపులో ఇచ్చిన స్ట్రిప్పులతోనే ఉంచండి, వెంట డాక్టరు చీటీ పెట్టండి. ఆ చీటీలో బ్రాండు పేరు కాదు, మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టాన్ అని మందు అసలు పేరు రాయించండి. మన బ్రాండు అక్కడి డాక్టరుకు తెలియకపోవచ్చు, ఈ పేరు ఎక్కడైనా అర్థమవుతుంది. సొంత వాడకానికి మూడు నెలలకు సరిపడా మందులు చీటీతో తీసుకెళ్లడానికి ఆస్ట్రేలియా ఒప్పుకుంటుంది, విమానం దిగే ముందు ఇచ్చే కార్డులో చెప్పాలి. అత్త ఇన్సులిన్ పెద్ద పెట్టెలో అసలు పెట్టకండి, విమానం అడుగున గడ్డకట్టే ప్రమాదముంది, గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. వంద మిల్లీలీటర్ల నియమం మందులకు వర్తించదు, అడిగితే చూపిస్తే చాలు. ఆ నియమం 2006 ఆగస్టులో లండన్‌లో ద్రవ పేలుడు పదార్థాల కుట్ర బయటపడ్డాక వచ్చింది. మీ కొబ్బరినూనె సీసాకు, షాంపూకు మాత్రం అది వర్తిస్తుంది. పవర్ బ్యాంకు కూడా చేతి బ్యాగులోనే. లిథియం బ్యాటరీ పొగ రాజేస్తే పైనున్నవాళ్లు ఆర్పగలరు, అడుగున సామానులో రాజుకుంటే ఎవరికీ అందదు. వంద వాట్-అవర్ల లోపుంటే అనుమతి అడగక్కర్లేదు. మీదాని మీద 20,000 ఎంఏహెచ్ అని ఉంది. దాన్ని 3.7 వోల్టులతో గుణించి వెయ్యితో భాగిస్తే 74, కాబట్టి ఇబ్బంది లేదు. కానీ సింగపూర్ ఎయిర్‌లైన్స్ 2025 ఏప్రిల్ 1 నుంచి విమానంలో దాంతో ఛార్జింగ్ పెట్టుకోనివ్వడం లేదు. ఎక్కేముందే ఫోను నింపుకోండి. వీటితోపాటు ఒక జత బట్టలు, రెండో కళ్లద్దాలు, ఒక స్వెటర్. ఇంతే.

మామ: సరే, ఈ బ్యాగు నీ మాట ప్రకారమే సర్దుతాను. తిండి విషయంలో మాత్రం నన్ను కదిలించలేవు. నీకు రెండు మాటలు చెప్తాను. మొదటిది, అక్కడ అన్నీ దొరుకుతాయన్నావు. దొరికే ఆవకాయ మీ అత్త కలిపిన ఆవకాయ కాదు. వాడు ఏడాదికోసారి అడిగేది అదే. ఆ డబ్బాను తీసేయమంటే వాడి అడిగే హక్కును తీసేయమన్నట్టే. రెండోది, నాకు కోపం తెప్పించేది. ఆస్ట్రేలియాలో తిండి పట్టుకుంటారు, పూలు పట్టుకుంటారు, జరిమానా వేస్తారు అని అందరూ భయపెడుతుంటారు. ఒక మూరెడు మల్లెపూలకు, ఒక పొట్లం పేడాకు ఆ ఖండం మునిగిపోతుందా? ఇది మన తిండినీ, మన అలవాట్లనూ చిన్నచూపు చూడడం. ఆ చూపుకు ముందే తలవంచి మనమే డబ్బాలు ఖాళీ చేసుకోవడం నాకు ఇష్టం లేదు.

మేనకోడలు: మొదటిదానికి వ్యతిరేకంగా నా దగ్గర మాట లేదు మామా. ఆవకాయ తీసుకెళ్లండి, ఎలాగో కూడా చెప్తాను. రెండోదానికి మాత్రం జవాబు చెప్పాలి, ఎందుకంటే మీ కోపం వెనక ఉన్న అవమానం నిజమైనదే, కానీ దాని కారణం మీరనుకున్నది కాదు. హొసకోటె నుంచి మాలూరు రోడ్డు మీద వెళ్తుంటే బీడుల్లో, గట్ల మీద తెల్ల పూల మొక్క కమ్మేసి ఉంటుంది కదా. మనం వయ్యారిభామ అంటాం, ఇక్కడివాళ్లు కాంగ్రెస్ గిడ అంటారు. అది ఈ మట్టిది కాదు. అమెరికా ఖండం నుంచి దిగుమతి గోధుమలతో విత్తనాలు వచ్చాయని చెబుతారు, 1950ల మధ్యలో పుణె దగ్గర మొదట గుర్తించారు. ఇప్పుడది దేశమంతా ఉంది. పశువులు తినవు, పైరును తొక్కేస్తుంది, ముట్టుకుంటే దద్దుర్లు, పుప్పొడికి ఉబ్బసం. దాన్ని తినే మెక్సికో పెంకు పురుగును తెప్పించి 1984లో ఇదే బెంగళూరు చుట్టుపక్కల వదిలారు. కొంత తగ్గింది గానీ పోలేదు. ఎవరో కావాలని తెచ్చింది కాదది, గోధుమల్లో కలిసి వచ్చిన కాసిని గింజలు. ఆ నష్టాన్ని మీ పొలం గట్టు మీద రోజూ చూస్తున్నవారు మీరు. పరాయి విత్తనమంటే ఆస్ట్రేలియావాళ్లు ఎందుకు ఉలిక్కిపడతారో మీకంటే బాగా ఎవరికి తెలుస్తుంది?

వాళ్లు నేర్చుకున్న పాఠం ఇంకా ఖరీదైనది. 1859లో విక్టోరియాలో ఒక భూస్వామి వేట సరదాకు కొన్ని కుందేళ్లు వదిలాడు. అవి కొన్ని దశాబ్దాల్లో ఖండాన్ని తినేశాయి. బ్రహ్మజెముడు జాతి మొక్క 1920ల నాటికి రెండు కోట్ల హెక్టార్లకు పైగా భూమిని ఆక్రమించింది. దాన్ని అదుపు చేయడానికి అర్జెంటీనా నుంచి చిమ్మెటను తెచ్చి 1926 నుంచి వదలాల్సి వచ్చింది. అటు వాళ్ల పశువులను చూడండి. మనకు గాలికుంటు కొత్త కాదు. ఏటా టీకాలేస్తున్నా ఏదో ఒక మూల వస్తూనే ఉంటుంది. ఆస్ట్రేలియాలో 1872 తర్వాత అది లేదు. ఒక్కసారి వస్తే వాళ్ల మాంసం ఎగుమతులు రాత్రికి రాత్రి ఆగిపోతాయి. ఆ వైరస్ పాల పదార్థాల్లో బతకగలదు, బూటు అడుగున అంటిన మట్టిలో బతకగలదు. మీ ధార్వాడ పేడాకు, పాలకోవాకు, బర్ఫీకి అనుమతి లేనిది అందుకే. మన వంటను చిన్నచూపు చూసి కాదు. గాలికుంటు ఉన్న ఏ దేశపు పాలకైనా అక్కడ అదే నియమం.

మామ: నియమం వెనక కారణముందని ఒప్పుకున్నాను. కానీ శిక్ష? ఆ మలయాళం నటి సంగతి పేపర్లో చదివాను. కొంచెం మల్లెపూలకు లక్ష రూపాయలేమిటి?

మేనకోడలు: నవ్యా నాయర్ సంగతి కదా. 2025లో ఓణం వేడుకకు మెల్‌బోర్న్ వెళ్లినప్పుడు జరిగింది, ఆమే వేదిక మీద చెప్పింది. పదిహేను సెంటీమీటర్ల మల్లెదండ, 1,980 ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా. కఠినంగానే ఉంది, నేనూ ఒప్పుకుంటాను. కానీ అక్కడ జరిమానా పడింది పూలు ఉన్నందుకు కాదు, ఉన్నాయని చెప్పనందుకు. విమానం దిగే ముందు ఒక కార్డు ఇస్తారు. తిండి, మొక్కలు, పూలు, విత్తనాలు, చెక్క వస్తువులు ఏవైనా ఉన్నాయా అని అందులో ప్రశ్న. అవును అని గీత పెట్టి అధికారికి చూపిస్తే, అనుమతి లేనిది తీసి పారేస్తారు, ఉన్నది తిరిగిచ్చేస్తారు. చెప్పినవాళ్లకు జరిమానా లేదు. కాదు అని గీత పెట్టి దొరికితే, తెలియక పెట్టినా, కావాలని పెట్టినా ఒకటే. సందర్శకుల వీసా రద్దు చేసే అధికారం కూడా వాళ్లకుంది. 2019 అక్టోబరులో పచ్చి పందిమాంసంతో సిడ్నీలో దిగిన వియత్నాం సందర్శకురాలిని అలాగే వెనక్కి పంపారు. మనవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఏమిటంటే, సామాను విషయంలో అతి జాగ్రత్తగా ఉండి, ఆ కార్డు దగ్గర నిద్రమత్తులో అన్నిటికీ కాదు, కాదు, కాదు అని గీతలు పెట్టేస్తారు. వరసలో నిలబడే పని తప్పుతుందని, ఇంగ్లీషులో ఏమైనా అడుగుతారేమోనని. అనుమానముంటే అవును అనండి. ఓ పదిహేను నిమిషాలు ఆలస్యమవుతుంది.

ఆ కార్డులో ఇంకో ప్రశ్న ఉంది, అది ప్రత్యేకంగా హొసకోటె చుట్టుపక్కలవాళ్లకే రాశారా అనిపిస్తుంది. గత ముప్పై రోజుల్లో పొలానికి, పశువుల దగ్గరికి వెళ్లారా అని. మీరు రోజూ పొద్దున ఆవుల కొట్టంలోకి, ద్రాక్ష తోటలోకి వెళ్లే బూట్లే విమానానికి వేసుకుంటారు. వాటి అడుగు గాళ్లలో ఎండిన మట్టిని పాత బ్రష్‌తో, సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి. లేదా వాటిని ఇక్కడే వదిలి వేరే జత వేసుకోండి. ఆ ప్రశ్నకూ అవును అనే రాయండి, బూట్లు చూపించమంటే చూపించండి.

మామ: ఇంతకీ ఆవకాయ?

మేనకోడలు: పెద్ద పెట్టెలో పెట్టండి. నూనె ఉంది కాబట్టి చేతి బ్యాగులో ద్రవం కిందికి వస్తుంది, కారప్పొడిని మన భద్రతావాళ్లే చేతి బ్యాగులో ఒప్పుకోరు. గాజు సీసా వద్దు, సగం బరువు గాజుదే. మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో అంచుదాకా నింపండి, వెలితి ఉంచకండి. పైకి వెళ్లినకొద్దీ గాలి పీడనం తగ్గి డబ్బాలో మిగిలిన గాలి వ్యాకోచిస్తుంది, అది నూనెను మూత సందుల్లోంచి బయటికి నెడుతుంది. సగం ఖాళీ డబ్బా కారినంతగా నిండు డబ్బా కారదు. మూతకింద పాలిథిన్ కాగితం, చుట్టూ టేపు, మొత్తాన్ని జిప్ కవరులో పెట్టి ఒక పాత టవల్ చుట్టండి. పైన ఇంగ్లీషులో ఏ పచ్చడో, అందులో ఏమేం ఉన్నాయో రాసి అంటించండి. అధికారి చదివితే పని తొందరగా అవుతుంది. పొడులు, గోంగూర విషయంలోనూ ఇంతే, అయితే వీలైనవి షాపులో సీలు వేసిన ప్యాకెట్లే కొనండి. మీ షుగరుకోసం మొదటి రోజు వేళకు తినడానికి సీలున్న బిస్కెట్లు పెట్టుకోండి, వాటినీ కార్డులో చెప్పండి. పేడా మాత్రం తీసేయండి. కరివేపాకు, తమలపాకులు, పూజకు పెట్టుకున్న మామిడాకులు కూడా. ఎండుకొబ్బరి చిప్పలు ఉంటే అవీ తీసేయండి, అది ఆస్ట్రేలియా మాట కాదు, మన దగ్గరే 2022 నుంచి పెద్ద పెట్టెలో ఒప్పుకోవడం లేదు. అందులోని నూనె వేడెక్కి తనంతట తాను అంటుకోగలదని సరుకు రవాణాలో దాన్ని ప్రమాదకర వస్తువుల జాబితాలో పెట్టారు.

మామ: అంటే ఏ దేశం వెళ్లినా ఈ జాబితా పట్టుకుంటే చాలా?

మేనకోడలు: చాలదు. దేశం మారితే భయం మారుతుంది, దాంతోపాటు నిషేధం మారుతుంది. అమెరికాలో కరివేపాకు మీద ఉండే ఒక పురుగు నారింజ తోటలను చంపే తెగులును మోస్తుంది, 2005లో ఫ్లోరిడాలో ఆ తెగులు బయటపడింది, కాబట్టి అక్కడ పచ్చి కరివేపాకు రానివ్వరు. బియ్యంలో ఖాప్రా పురుగు ఉంటుందని 2011 నుంచి మన దేశం నుంచి సంచిలో బియ్యం తీసుకెళ్లనివ్వరు. యూరప్‌లో సొంత సామానులో మాంసం, పాల పదార్థాలు కుదరవు. దుబాయి మీదుగా పోయేవాళ్లు గసగసాలు పొరపాటున కూడా పెట్టుకోకూడదు, అక్కడ అది మాదకద్రవ్యం కింద లెక్క. గసగసె పాయసానికని పొట్లం కట్టిస్తే జైలు దాకా వెళ్లే సంగతి. అందుకే పొరుగింటివాళ్లు డాలస్‌కు రాసుకున్న జాబితాను మెల్‌బోర్న్‌కు వాడకండి. ఏ దేశానికి వెళ్తున్నారో ఆ దేశపు కస్టమ్స్ వెబ్‌సైటు ఒకసారి చదివితే అరగంట పని.

బట్టల గురించి మామ ఎక్కువ పట్టుబట్టలేదు, మేనకోడలూ ఎక్కువ మాట్లాడలేదు. మనకు మండే మే నెల అక్కడ శీతాకాలానికి ముంగిలి. మెల్‌బోర్న్‌లో పగలు 17 డిగ్రీల దగ్గర, రాత్రి 10కి అటూ ఇటూ ఉంటుంది, ఒకే రోజున ఎండ, వాన, చలిగాలి వస్తాయి. అలాంటిచోట ఒక్క బరువైన కోటుకన్నా ఒంటికి అంటుకునే లోచొక్కా, దాని మీద స్వెటర్, పైన వాన ఆపే పల్చని జాకెట్ మేలు. పొరల మధ్య నిలిచిన గాలే వెచ్చదనం, ఎండొస్తే ఒక పొర తీసేయవచ్చు. చీర కట్టుకునే ఆడవాళ్లకు లోపల థర్మల్ ప్యాంటు, సాక్సు, బూట్లు ఉంటే చాలు. చెప్పులతో వెళ్లి వణకడం, మొదటి రోజే బూట్లు కొనడం తప్పుతుంది. మూడు వారాలకు ఇరవయ్యొక్క జతలు అక్కర్లేదు, కొడుకు ఇంట్లో వాషింగ్ మెషిన్ ఉంది, వారానికి సరిపడా చాలు. విద్యుత్తు మనలాగే 230 వోల్టులు, కన్వర్టరు కొనకండి, వాలుగా ఉండే అక్కడి పిన్నుకు సరిపోయే అడాప్టరు ఒకటి చాలు.

మామ: మీ అత్త పట్టుచీరా, నగలూ? క్యారమ్ డౌన్స్‌లో శివ విష్ణు ఆలయముందట, అక్కడికి వెళ్లాలని ఆమెకు కోరిక.

మేనకోడలు: ఒక పట్టుచీర పెట్టుకోండి, కోరిక ఉన్నప్పుడు దానికి బరువు లెక్కపెట్టకూడదు. నగలు మాత్రం ఒంటిమీద రోజూ ఉండేవే చాలు. ఎక్కువ బంగారం పట్టుకెళ్తే, వెళ్లేటప్పుడే విమానాశ్రయంలో కస్టమ్స్‌వాళ్లకు చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోవాలి. లేకపోతే తిరిగి వచ్చేటప్పుడు అది మన దగ్గర కొన్నదే అని మీరు నిరూపించుకోవాలి. మనవరాలికి చన్నపట్టణ చెక్కబొమ్మలు కొన్నారు కదా, అవి తీసుకెళ్లొచ్చు. చెక్క కాబట్టి కార్డులో అవును అనాలి, పురుగు తొలిచిన రంధ్రాలు, బెరడు లేనివి చూసుకోండి.

మామ: అవును, అవును, అవును. నువ్వు చెప్పినట్టయితే ఆ కార్డులో కాదు అనేదే ఉండదు. అన్నీ అవును అంటే నన్ను పక్కకు నిలబెట్టి పెట్టె విప్పమనరా? పదిమందిలో?

మేనకోడలు: విప్పమంటారు. అందుకే తిండి వస్తువులన్నీ ఒకే సంచిలో, పెట్టె పైభాగంలో పెట్టండి. బట్టలు కెలకక్కర్లేకుండా ఆ ఒక్క సంచి తీసి బల్ల మీద పెట్టేయొచ్చు. పేర్ల కాగితం దాని మీదే అంటించి ఉంటుంది. ఇంగ్లీషులో మాట్లాడడం కష్టమైతే ఆ కాగితమే చూపించండి. మీ పక్కన అదే వరసలో చైనావాళ్లు, ఇటలీవాళ్లు, లెబనానువాళ్లు వాళ్ల అమ్మలు కట్టిచ్చిన డబ్బాలు విప్పుకుంటూ ఉంటారు. అత్తను పిలవండి, ఆ పేడా తీసి ఈ సాయంత్రం పిల్లలకు పంచేద్దాం. తర్వాత బూట్లు నేను కడుగుతాను.